సబ్టిలిస్ కణాలు డీఎన్ఏను ఎప్పుడు లోపలికి తీసుకుంటాయి? ఒక ప్రాజెక్టు డైరీ

ఈ.కోలితో చేయి తిరిగినవాళ్లు బాసిల్లస్ సబ్టిలిస్ అనే మట్టి బాక్టీరియా మీద పని మొదలుపెడితే దాదాపు అందరూ ఒకే చోట్ల ఆగిపోతారు. పేపర్లలో పద్ధతుల విభాగంలో నాలుగు వాక్యాల్లో తేలిపోయే పని బెంచీ మీద ఎంతకీ తెమలదు. ఎక్కడ ఆగిందో, ఏ కొలత చూసి ఏం మార్చామో, ఆ మార్పు ఎందుకు పనిచేసిందో ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఈ పని మళ్లీ చేయదలచుకున్నవాళ్లు ఇందులో ఉన్నది ఉన్నట్టు వాడుకోవచ్చు.

లక్ష్యం ఇది. సబ్టిలిస్‌లో కొన్ని కణాలు తమంతట తామే బయటి డీఎన్ఏను లోపలికి తీసుకునే స్థితికి వస్తాయి. దాన్నే కాంపిటెన్స్ అంటారు. 168 అనే స్ట్రెయిన్‌లో (ఒకే జాతిలోని ఒక రకంలో) ఎన్ని కణాలు, ఏ సమయంలో ఆ స్థితికి వస్తాయో కాలనీల లెక్కతోనూ మైక్రోస్కోపుతోనూ కొలవాలి. తర్వాత రాక్, మెక్-ఏ అనే రెండు జన్యువులను విడివిడిగా తీసేసి ఆ లెక్క ఎలా మారుతుందో చూడాలి.

ఈ స్ట్రెయిన్లు బయోసేఫ్టీ మొదటి స్థాయిలోవి. అయినా వాటిలో యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు పెడుతున్నాం కాబట్టి వాడిన ప్రతి ప్లేటూ, ప్రతి ట్యూబూ 121 డిగ్రీల ఆటోక్లేవ్ దాటాకే బయటికి వెళ్లాలి.

దశ 1: స్ట్రెయిన్, మీడియం

168 స్ట్రెయిన్ 1947లో మార్‌బర్గ్ స్ట్రెయిన్‌కు రేడియేషన్ ఇచ్చి తీసిన మ్యూటెంట్లలో ఒకటి. దానికి ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారు చేసుకోవడం రాదు. 1958లో జాన్ స్పిజిజెన్ ఈ స్ట్రెయిన్ శుద్ధమైన డీఎన్ఏను తీసుకుని తన లోపాన్ని సరిచేసుకోగలదని చూపించాడు. సబ్టిలిస్ మోడల్ బాక్టీరియాగా నిలబడింది అక్కడి నుంచే. 1997లో దీని జీనోమ్ మొత్తం చదివారు: సుమారు 42 లక్షల బేస్‌లు, 4,100 జన్యువులు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఉన్న బాసిల్లస్ జెనెటిక్ స్టాక్ సెంటర్ ఈ స్ట్రెయిన్లన్నీ భద్రపరిచి, అడిగిన ల్యాబ్‌లకు ఇస్తుంది.

మేం వాడిన మీడియంను ల్యాబ్‌లలో ఎంసీ మీడియం అంటారు. చివరి గాఢతలు:

1. పొటాషియం ఫాస్ఫేట్, పీహెచ్ 7: 100 మిల్లీమోలార్
2. సోడియం సిట్రేట్: 3 మిల్లీమోలార్
3. గ్లూకోజ్: 2 శాతం
4. ఫెరిక్ అమ్మోనియం సిట్రేట్: మి.లీ.కు 22 మైక్రోగ్రాములు
5. కేసీన్ హైడ్రోలైసేట్: 0.1 శాతం
6. పొటాషియం గ్లుటమేట్: 0.2 శాతం
7. మెగ్నీషియం సల్ఫేట్: 3 మిల్లీమోలార్. దీన్ని వాడే ముందు విడిగా కలపాలి. పది రెట్ల ఫాస్ఫేట్ స్టాక్‌లో ముందే వేస్తే అడుగున తెల్లగా పేరుకుంటుంది.

స్టాక్‌ను ఆటోక్లేవ్ చేయకుండా ఫిల్టర్ చేసి, వెలుతురు తగలకుండా పెట్టాం.

మొదట కల్చర్ ఓడీ (కణాలు ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పే కొలత) 0.3 దగ్గర ఆగిపోయింది. ఉష్ణోగ్రత సరిగానే ఉంది, షేకర్ వేగం సరిగానే ఉంది, పీహెచ్ 7.0. గ్లుటమేట్ కొత్త సీసాతో మార్చినా తేడా లేదు. చివరికి కేసీన్ సీసా మీద లేబుల్ చదివితే విషయం తేలింది: అది ఆమ్లంతో విడగొట్టిన రకం. ఆమ్లం పోస్తే కేసీన్‌లోని ట్రిప్టోఫాన్ నాశనమవుతుంది. మిగతా అమైనో ఆమ్లాలన్నీ ఉండి, 168కి కావలసిన ఆ ఒక్కటీ లేదు. మి.లీ.కు 50 మైక్రోగ్రాముల ట్రిప్టోఫాన్ కలిపాం. అదే ట్యూబు, అదే షేకర్, నాలుగు గంటలకు ఓడీ 1.5.

మీ రెసిపీలో ట్రిప్టోఫాన్ ప్రస్తావన లేకపోతే అది ట్రిప్టోఫాన్ అక్కర్లేని స్ట్రెయిన్ కోసం రాసిందై ఉండొచ్చు. 168 వాడేవాళ్లు ఎనిమిదో అంశంగా దాన్ని చేర్చుకోండి.

*ఇప్పటివరకు: ఫ్రీజర్‌లో పెట్టిన స్ట్రెయిన్లు 2 (168, ఎన్‌సీఐబీ 3610). నమ్మదగిన కొలతలు 0.*

దశ 2: ఏ గంటలో డీఎన్ఏ కలపాలి

యాంటీబయాటిక్ ఏదీ లేకుండా కాంపిటెన్స్ కొలిచే పాత మార్గం ఒకటుంది. ల్యాబ్ పెంపకానికి అలవాటుపడని, ట్రిప్టోఫాన్ చేసుకోగలిగే 3610 స్ట్రెయిన్ డీఎన్ఏను 168కి ఇచ్చి, ట్రిప్టోఫాన్ లేని ప్లేటు మీద పరచాలి. ఆ జన్యువు సరిగా అందుకున్న కణాలే కాలనీలు కడతాయి. సూత్రం సులువైనదే, అయినా ఇందులో మూడు అడ్డంకులు వచ్చాయి.

మొదటిది డీఎన్ఏ తీయడం. ఈ.కోలికి వాడే డిటర్జెంట్ పద్ధతితో దాదాపు ఏమీ రాలేదు. సబ్టిలిస్ గోడ మందమైన పెప్టిడోగ్లైకాన్. ముందు ఆ గోడను కరిగించే లైసోజైమ్ వేసి 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే, కల్చర్ తేటపడి జిగటగా మారింది. ఆ తర్వాతే డిటర్జెంట్.

రెండోది ఎక్కువ టెన్షన్ పెట్టింది. డీఎన్ఏ కలపని కంట్రోల్ ప్లేటు మీదా కాలనీలు వచ్చాయి. కణాలు లేకుండా డీఎన్ఏ ఒక్కటే పరిచిన ప్లేటు మీద ఇంకా ఎక్కువ వచ్చాయి. అంటే డీఎన్ఏ ట్యూబులోనే బతికున్నదేదో ఉంది. కాలనీలు గరుకుగా, ముడతలు పడి ఉన్నాయి. 168 కాలనీలు అలా ఉండవు, 3610వి అలా ఉంటాయి. రాత్రంతా పెరిగిన 3610 కల్చర్‌లో స్పోర్లు, అంటే గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే కణాలు తయారవుతాయి. అవి లైసోజైమ్‌కూ డిటర్జెంట్‌కూ చావవు, వేడినీ ఆల్కహాల్‌నూ తట్టుకుంటాయి. గాజు స్ప్రెడర్‌ను ఆల్కహాల్‌లో ముంచి మంట చూపించీ చూపించనట్టు తీస్తే ఈ.కోలి విషయంలో సరిపోతుంది, ఇక్కడ సరిపోదు. కంట్రోల్ ప్లేటుకు అవి చేరిన దారి అదే.

మార్చినవి:

1. డీఎన్ఏ కోసం 3610ను ఓడీ 0.6 దగ్గరే, అంటే స్పోర్లు మొదలుకాకముందే ఆపడం.
2. కణాలు పగిలాక 0.2 మైక్రాన్ ఫిల్టర్ దాటించడం. డీఎన్ఏ కొంత తెగుతుంది, కానీ ఈ పరీక్షకు సరిపోయేంత పొడవే మిగులుతుంది.
3. స్ప్రెడర్ బదులు ఆటోక్లేవ్ చేసిన గాజు పూసలు.
4. ప్రతిసారీ మూడు కంట్రోళ్లు: కణాలు మాత్రమే, డీఎన్ఏ మాత్రమే, ముందే డీఎన్ఏస్ (డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమ్) వేసి పాడుచేసిన డీఎన్ఏతో కణాలు. ఈ మూడింటిలోనూ సున్నా వస్తేనే ఆ రోజు లెక్క నోటుబుక్కులోకి.

మూడో అడ్డంకి ప్లేటు మీద పల్చటి పొర. మీడియంలో మిగిలిన ట్రిప్టోఫాన్‌తో మామూలు కణాలు కూడా కాస్త పెరుగుతున్నాయి. ట్రిప్టోఫాన్ లేని ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడిగి పరిస్తే పొర పోయింది.

ఇక సమయం. మామూలు ప్రోటోకాల్‌లో డీఎన్ఏతో రెండు గంటలు ఉంచమంటారు. స్ట్రెయిన్ తయారీకి అది మంచిదే, కానీ సమయం కొలవడానికి పనికిరాదు. ఆ రెండు గంటల్లో ఎప్పుడు తీసుకున్నా ఒకే లెక్కలో పడుతుంది. అందుకే 20 నిమిషాలే ఉంచి, వెంటనే డీఎన్ఏస్ వేసి మిగిలిన డీఎన్ఏను నాశనం చేశాం. వంద రెట్లు పల్చన చేసి 100 మైక్రోలీటర్లు పరిస్తే వచ్చిన కాలనీలు:

- 3 గంటలు, ఓడీ 0.8: 6
- 3.5 గంటలు, ఓడీ 1.1: 38
- 4 గంటలు, ఓడీ 1.5: 140
- 4.5 గంటలు, ఓడీ 1.8: 212
- 5 గంటలు, ఓడీ 2.1: 170
- 6 గంటలు, ఓడీ 2.5: 41

నాలుగున్నర గంటల దగ్గర మి.లీ.కు బతికున్న కణాలు సుమారు 21 కోట్లు, ట్రిప్టోఫాన్ సరిచేసుకున్నవి సుమారు 2.1 లక్షలు. వెయ్యిలో ఒకటి.

పెరుగుదల నెమ్మదించే వేళకే ఇది ఎందుకు పెరుగుతుంది? కణాలు కామ్-ఎక్స్ అనే చిన్న పెప్టైడ్‌ను బయటికి వదులుతుంటాయి. జనాభా పెరిగేకొద్దీ అది పోగవుతుంది. పొర మీది కామ్-పీ దాన్ని గుర్తించి కామ్-ఏను ఉత్తేజపరుస్తుంది. కామ్-ఏ ఎస్‌ఆర్‌ఎఫ్ ఆపెరాన్‌ను, అంటే కలిసి పనిచేసే జన్యువుల వరసను, నడిపిస్తుంది. ఆ ఆపెరాన్ చేసే అసలు పని సర్ఫాక్టిన్ అనే సబ్బులాంటి పదార్థం తయారీ. కానీ అందులోని రెండో జన్యువు లోపల, వేరే రీడింగ్ ఫ్రేములో, కామ్-ఎస్ అనే చిన్న జన్యువు దాగి ఉంది. మామూలుగా మెక్-ఏ అనే ప్రోటీన్ కామ్-కె అనే ఇంకో ప్రోటీన్‌ను పట్టుకుని, క్లిప్-సీ, క్లిప్-పీ అనే ముక్కలు చేసే యంత్రానికి అప్పగిస్తుంటుంది. కామ్-ఎస్ అడ్డుపడితే కామ్-కె బతికిపోతుంది. కాంపిటెన్స్ జన్యువులన్నిటినీ లేపేది కామ్-కెయే. సర్ఫాక్టిన్ వద్దనుకుని ఎస్‌ఆర్‌ఎఫ్ రెండో జన్యువును పూర్తిగా తీసేసేవాళ్లు కాంపిటెన్స్ కూడా పోగొట్టుకుంటారు. ఆ స్ట్రెయిన్ తర్వాత ఏ కొత్త డీఎన్ఏనూ తీసుకోదు.

*ఇప్పటివరకు: స్ట్రెయిన్లు 2. మూడు కంట్రోళ్లూ సున్నా వచ్చిన పూర్తి కొలత 1.*

దశ 3: వెలిగే రిపోర్టర్

వెయ్యిలో ఒకటి అనేది ఒక్క జన్యువు అందుకున్న కణాల లెక్క. తయారుగా ఉండి వేరే ముక్క అందుకున్నవి ఇందులో కనిపించవు. అసలు ఎన్ని కణాలు సిద్ధమయ్యాయో చూడాలంటే కామ్-కె నేరుగా లేపే కామ్-జీ ప్రమోటర్‌కు (జన్యువును నడిపే స్విచ్చు లాంటి వరసకు) ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ జన్యువు జీఎఫ్‌పీని తగిలించి, క్రోమోజోమ్‌లో అమై-ఈ స్థానంలో చేర్చాలి. అమై-ఈ తెగితే కణం పిండిని జీర్ణించుకోలేదు. స్టార్చ్ ప్లేటు మీద అయోడిన్ పోస్తే కాలనీ చుట్టూ తెల్లటి వలయం రాకపోవడమే సరైన చోట చేరిందనడానికి గుర్తు. పీసీఆర్ కన్నా ముందు ఇదే చూడండి, ఐదు నిమిషాల పని.

మొదటి వెర్షన్ చాలా మసకగా వెలిగింది. జీఎఫ్‌పీ ముందున్న రైబోజోమ్ బైండింగ్ సైటు, అంటే ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్ వచ్చి కూర్చునే చోటు, ఈ.కోలి వెక్టర్ నుంచి వచ్చింది. సబ్టిలిస్‌కు ఆ చోట ఉండే షైన్-డాల్గార్నో వరస బలంగా ఉండాలి. దాన్ని ఏజీజీఏజీజీగా మార్చి, ప్రారంభ కోడాన్‌కు ఎనిమిది బేస్‌ల దూరంలో పెట్టాం. అదే ఎక్స్‌పోజర్‌లో వెలుగు దాదాపు ఆరు రెట్లు పెరిగింది.

రెండో మార్పు నిరోధక జన్యువులో. మొదటి వెర్షన్‌లో స్పెక్టినోమైసిన్ ఉంది. దశ 5లో వాడాల్సిన ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు విడిగా ఉండే డీఎన్ఏ వలయం) కూడా స్పెక్టినోమైసిన్‌దే కాబట్టి రిపోర్టర్‌ను క్లోరామ్‌ఫెనికాల్‌కు మార్చి మళ్లీ కట్టాం. ఎంపికకు మి.లీ.కు 5 మైక్రోగ్రాములు చాలు. స్ట్రెయిన్లు కట్టేముందు చివరి దశ దాకా ఏ మందు ఎక్కడ వాడతారో ఒక కాగితం మీద గీసుకోండి. అలాగే స్థానం కూడా. 2016లో వచ్చిన క్రిస్పర్ లైబ్రరీలో, అంటే అత్యవసర జన్యువులను తీసేయకుండా వాటి వాడకాన్ని తగ్గించే స్ట్రెయిన్ల సెట్టులో, ఏ జన్యువును తగ్గించాలో చూపించే గైడ్ ఆర్ఎన్ఏ కూర్చునేది కూడా అమై-ఈలోనే. ఆ లైబ్రరీ వైపు వెళ్లాలనుకుంటే రిపోర్టర్‌కు మొదటే వేరే చోటు చూసుకోవాలి.

ఇక్కడే ఇంకో మాట. వెలగని కంట్రోల్ కోసం జీఎఫ్‌పీ మొదట్లో ఒక స్టాప్ కోడాన్ పెట్టి, దాని వెనకున్న జన్యువు కూడా తగ్గుతుందని ఆశించడం ఈ.కోలి నుంచి వచ్చిన ఆలోచన. ఈ.కోలిలో జన్యువును ఆర్ఎన్ఏగా రాసే (ట్రాన్స్‌క్రిప్షన్ చేసే) ఆర్ఎన్ఏ పాలిమరేజ్ వెనకే రైబోజోమ్ అంటిపెట్టుకుని నడుస్తుంది. రైబోజోమ్ ఆగితే రో అనే ప్రోటీన్ వచ్చి ట్రాన్స్‌క్రిప్షన్‌ను ఆపేస్తుంది. సబ్టిలిస్‌లో అలా కాదని 2020లో నేచర్ పత్రికలో వచ్చిన పని చూపించింది. ఇక్కడ పాలిమరేజ్ రైబోజోమ్‌ను వదిలేసి చాలా ముందుకు పోతుంది. రెండూ ఒకదానికొకటి జతపడి లేవు. అందుకే స్టాప్ కోడాన్ పెట్టినంత మాత్రాన వెనక జన్యువు ఆర్ఎన్ఏ పడిపోతుందని లెక్కపెట్టుకోకూడదు. మేం కంట్రోల్‌గా ప్రమోటరే లేని జీఎఫ్‌పీని వాడాం. దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాల్లో బాక్టీరియా అంతటికీ వర్తించే నియమంగా రాసింది ఒక బాక్టీరియా అలవాటు మాత్రమేనని తేలడం నాకు ఈ రంగంలో ఇటీవల వచ్చిన అన్నిటికన్నా ముఖ్యమైన ఫలితంగా అనిపిస్తుంది.

తర్వాత కొలత. ప్లేట్ రీడర్‌లో రిపోర్టర్ కల్చర్ వెలుగు, వెలగని కంట్రోల్ కన్నా 1.3 రెట్లే. ఈ ఒక్క అంకె చూస్తే ప్రమోటర్ బలహీనమని తీర్పు చెప్పేస్తాం. అదే కల్చర్‌ను 1.5 శాతం అగరోజ్ ప్యాడ్ మీద మైక్రోస్కోపు కింద పెడితే, చాలా కణాలు పూర్తిగా చీకటిగానూ, కొన్ని మాత్రం చాలా ప్రకాశంగానూ ఉన్నాయి. మధ్యస్థంగా వెలిగేవి దాదాపు లేవు. సగటు తీస్తే ఈ సంగతే మాయమవుతుంది.

లెక్కించే తీరు:

1. వెలగని స్ట్రెయిన్ కణాల వెలుగు సగటుకు నాలుగు స్టాండర్డ్ డీవియేషన్లు కలిపి గీత పెట్టాలి.
2. గొలుసులుగా ఉన్న కణాలను గోడల దగ్గర విడదీసి లెక్కించాలి. లేకపోతే ఒక్కటి వెలిగితే గొలుసంతా లెక్కలో పడుతుంది.
3. ఎల్‌బీ మీడియం తనే కాస్త వెలుగుతుంది. ప్యాడ్‌ను ఎంసీ ఉప్పులతో చేయాలి.
4. కవర్‌స్లిప్ పెట్టాక ఆలస్యం చేయకూడదు. జీఎఫ్‌పీ పూర్తిగా వెలగాలంటే ఆక్సిజన్ కావాలి.

నాలుగున్నర గంటల దగ్గర: లెక్కించిన కణాలు 1,204, గీత దాటినవి 131. అంటే 10.9 శాతం. 168కి సాధారణంగా చెప్పే 10 నుంచి 20 శాతం పరిధిలోనే ఉంది.

ఇలా రెండుగా చీలడానికి కారణం కామ్-కె తన సొంత జన్యువును తనే లేపుకోవడం. ఒక మోతాదు దాటితే అది తనను తానే పెంచుకుంటూ పోతుంది. దాటకపోతే మెక్-ఏ శుభ్రం చేసేస్తుంది. ఏ కణం ఆ గీత దాటుతుందనేది జన్యువుల్లో తేడా వల్ల కాదు, ఆ క్షణంలో కామ్-కె ఆర్ఎన్ఏ కాస్త ఎక్కువో తక్కువో ఉండడం వల్ల. 2007లో డబ్నౌ బృందం సగటును మార్చకుండా ఆ హెచ్చుతగ్గులను మాత్రమే తగ్గించింది. కాంపిటెంట్ కణాలు తగ్గిపోయాయి. మన ప్లేట్ రీడర్ ఎందుకు మోసం చేసిందో ఆ ప్రయోగం ఒక్కటే చెప్పేస్తుంది.

*ఇప్పటివరకు: స్ట్రెయిన్లు 5 (వాడుతున్నవి 4, పక్కన పెట్టింది మొదటి రిపోర్టర్). లెక్కించిన కణాలు 1,204.*

దశ 4: రాక్, మెక్-ఏ తీసేయడం

2017లో సబ్టిలిస్‌లోని అత్యవసరం కాని జన్యువులను ఒక్కొక్కటిగా తీసేసిన రెండు పూర్తి లైబ్రరీలు వచ్చాయి. ఒకదానిలో జన్యువు స్థానంలో ఎరిత్రోమైసిన్ నిరోధకం, ఇంకోదానిలో కెనమైసిన్ నిరోధకం. తీయడానికి వీల్లేని జన్యువులు 257 అని అదే పని లెక్క తేల్చింది. కాబట్టి ప్రైమర్లు కొనక్కర్లేదు. లైబ్రరీ స్ట్రెయిన్ నుంచి డీఎన్ఏ తీసి మన రిపోర్టర్ స్ట్రెయిన్‌కు ఇస్తే చాలు.

ఎంపికకు ఎరిత్రోమైసిన్ 1, లింకోమైసిన్ 25 మైక్రోగ్రాములు కలిపిన ప్లేట్లు. డీఎన్ఏ తీసుకున్నాక ఎల్‌బీలో గంటసేపు పెరగనిచ్చి పరిచాం.

కాలనీలు వందల్లో వచ్చాయి. వాటిలో పన్నెండింటిని స్టార్చ్ ప్లేటు మీద పెడితే మూడింటికి వలయం వచ్చింది. అంటే రాక్ తీసేయబడింది, కానీ రిపోర్టర్ కూడా పోయింది! కారణం సులభంగా తెలిసిపోతుంది. కాంపిటెంట్ కణాలు కొద్దివే, అవి తీసుకునే ముక్కలు మాత్రం ఎన్నో. డీఎన్ఏ ఎక్కువ పోస్తే అదే కణం రాక్ ముక్కతోపాటు దానితో ఏ సంబంధమూ లేని అమై-ఈ ముక్కను కూడా తీసుకుని రిపోర్టర్‌ను తుడిచేస్తుంది. దీన్ని కాంగ్రెషన్ అంటారు. మి.లీ.కు ఒక మైక్రోగ్రాము నుంచి 20 నానోగ్రాములకు తగ్గించాం. కాలనీలు పదుల్లోకి పడిపోయాయి, కానీ పరీక్షించిన పన్నెండింటిలో ఒక్కదానికీ వలయం రాలేదు. ప్లేటులో క్లోరామ్‌ఫెనికాల్ కూడా వేస్తే ఇంకా భద్రం. కానీ రిపోర్టర్ కాకుండా ఇంకే ముక్క మారిందో క్లోరామ్‌ఫెనికాల్ చెప్పదు, కాబట్టి డీఎన్ఏ తగ్గించడమే అసలు పరిష్కారం.

మెక్-ఏ విషయంలో కాలనీలు రెండు సైజుల్లో వచ్చాయి. పెద్దవాటిలో జీఎఫ్‌పీ లేదు, చిన్నవాటిలో బాగా ఉంది. మెక్-ఏ లేకపోతే కామ్-కె పోగయి, కణం కాంపిటెన్స్ నుంచి బయటికి రాలేదు, విభజన దెబ్బతింటుంది. కామ్-కె కూడా పోతే ఆ ఇబ్బంది ఉండదని 1990ల్లోనే తెలుసు. కాబట్టి అలాంటి మార్పు వచ్చిన కణం త్వరగా పెరిగి పెద్ద కాలనీ కడుతుంది. ప్లేటు మీద బలమైన కాలనీని ఏరుకోవడం చేతికి అలవాటైన పని. ఈ స్ట్రెయిన్‌కు అది సరిగ్గా తప్పుడు కాలనీ. చిన్నవాటిని తీసుకుని, మళ్లీ గీయకుండా వెంటనే ఫ్రీజర్‌లో పెట్టాలి.

నాలుగున్నర గంటల దగ్గర లెక్క:

- 168 రిపోర్టర్: 1,204లో 131 (10.9 శాతం)
- రాక్ తీసింది: 1,050లో 493 (47 శాతం)
- మెక్-ఏ తీసింది: 612లో 588 (96 శాతం)

రాక్ అనేది కామ్-కె ప్రమోటర్ మీద కూర్చుని దాన్ని అణచిపెట్టే ప్రోటీన్. అది లేకపోతే గీత దాటే కణాలు పెరగాలి, పెరిగాయి. మెక్-ఏ స్ట్రెయిన్‌లో కణాలు పొడవుగా సాగి ఉన్నాయి, మొత్తం సంఖ్య కూడా తక్కువే. అందుకే 612 దగ్గరే ఆపాల్సి వచ్చింది.

*ఇప్పటివరకు: స్ట్రెయిన్లు 7. లెక్కించిన కణాలు 2,866.*

దశ 5: ఎరిత్రోమైసిన్ జన్యువు తొలగించడం

రెండు జన్యువులను ఒకే స్ట్రెయిన్‌లో తీయాలంటే మొదటి ఎరిత్రోమైసిన్ ముక్కను తొలగించాలి. దాని రెండు వైపులా లాక్స్ గుర్తులు ఉంటాయి. పీడీఆర్244 అనే ప్లాస్మిడ్ నుంచి వచ్చే క్రీ ఎంజైమ్ మధ్య భాగాన్ని కత్తిరించేస్తుంది. ఆ ప్లాస్మిడ్ 30 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, 42 దగ్గర పోతుంది.

ఈ.కోలి డీహెచ్5ఆల్ఫా నుంచి తీసిన ప్లాస్మిడ్ మి.లీ.కు ఐదు మైక్రోగ్రాములు పోసినా ఒక్క కాలనీ రాలేదు. అదే కణాలకు అదే సమయంలో ఇచ్చిన క్రోమోజోమ్ డీఎన్ఏ మాత్రం బాగా పనిచేసింది. కాబట్టి తప్పు కణాల్లో లేదు.

ఈ వైఫల్యం గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే సబ్టిలిస్ డీఎన్ఏ తీసుకునే పద్ధతి మొత్తం ఇందులోనే కనిపిస్తుంది. కణం బయట డీఎన్ఏ ముక్కలుగా తెగుతుంది. కామ్-ఈసీ అనే ద్వారం గుండా రెండు పోగుల్లో ఒక్కటే లోపలికి వస్తుంది, రెండోది విచ్ఛిన్నమైపోతుంది. క్రోమోజోమ్ ముక్కకు ఇది ఇబ్బంది కాదు, రెక్-ఏ అనే ప్రోటీన్ దాన్ని తన జత వరస దగ్గరికి చేర్చి అతికిస్తుంది. కానీ విడిగా బతకాల్సిన ప్లాస్మిడ్‌కు గుండ్రంగా మళ్లీ మూసుకునే దారి ఉండాలి. ఒకే కాపీ ఉన్న ప్లాస్మిడ్ తెగి, ఒంటి పోగుగా లోపలికి వస్తే రెండు కొసలు కలవడానికి ఉమ్మడి వరస ఉండదు. రెండు మూడు కాపీలు ఒకే వలయంగా కలిసి ఉన్న మల్టీమర్ అయితే వరస మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి వలయం మూసుకోగలదు. డీహెచ్5ఆల్ఫాలో రెక్-ఏ పనిచేయదు, అందులో మల్టీమర్లు దాదాపు ఏర్పడవు. క్లోనింగ్‌కు దాని గొప్పతనం ఏదో, ఇక్కడ అడ్డంకి అదే.

చేసిన మార్పు:

1. పీడీఆర్244ను రెక్-ఏ ఉన్న జేఎం101లోకి మార్చడం.
2. మినీప్రెప్‌ను (చిన్న మోతాదులో తీసిన ప్లాస్మిడ్‌ను) కత్తిరించకుండా జెల్ మీద చూడడం. మామూలు పట్టీ పైన ఇంకో రెండు పట్టీలు కనిపించాలి.
3. స్పెక్టినోమైసిన్ 100 మైక్రోగ్రాముల ప్లేటు మీద 30 డిగ్రీల దగ్గర ఎంపిక.
4. మందు లేని ఎల్‌బీ మీద 42 డిగ్రీల దగ్గర గీయడం.
5. ఒక్కో కాలనీని ఎరిత్రోమైసిన్, స్పెక్టినోమైసిన్, క్లోరామ్‌ఫెనికాల్ ప్లేట్లు మూడింటి మీదా తాకించడం. మొదటి రెండింటిలో చచ్చి, మూడోదానిలో బతకాలి.

డీఎన్ఏ మోతాదు మార్చలేదు, కణాలు మార్చలేదు. ఈసారి 64 కాలనీలు. తాకించిన పదహారులో పద్నాలుగు సరిగా వచ్చాయి.

*ఇప్పటివరకు: స్ట్రెయిన్లు 9 (ఎరిత్రోమైసిన్ లేని రాక్, మెక్-ఏ స్ట్రెయిన్లు చేరాయి).*

దశ 6: పెంపకంలో పడని 3610

168 దశాబ్దాలుగా ల్యాబ్‌లో పెరిగి చాలా పోగొట్టుకుంది. సర్ఫాక్టిన్‌కు కావలసిన ఎస్‌ఎఫ్‌పీ, గుంపుగా పాకడానికి కావలసిన స్వర్-ఏ, బయోఫిల్మ్ పదార్థానికి సంబంధించిన ఎప్స్-సీ, డెగ్-క్యూ ప్రమోటర్ చెడిపోయాయి. ఒక ప్లాస్మిడ్ పూర్తిగా పోయింది. కాంపిటెన్స్ గురించి 168లో కొలిచిందంతా మట్టిలో బతికే సబ్టిలిస్‌కు వర్తిస్తుందా అన్నది అందుకే అడగాల్సిన ప్రశ్న.

3610లో అదే ప్రోటోకాల్‌తో కాలనీలు సున్నా. డీఎన్ఏ మోతాదు, సమయం మార్చినా సున్నాయే. దీనికి కారణం 2013లోనే తేలింది. 168 పోగొట్టుకున్న ఆ 84 వేల బేస్‌ల ప్లాస్మిడ్ మీద కామ్-ఐ అనే చిన్న ప్రోటీన్ జన్యువు ఉంది. అది డీఎన్ఏ తీసుకోవడాన్ని అడ్డుకుంటుంది. అందులో 12వ అమైనో ఆమ్లం గ్లుటమిన్ బదులు ల్యూసిన్ అయితే అడ్డు తొలగిపోతుంది. ఆ మార్పు ఉన్న స్ట్రెయిన్ డీకే1042 పేరుతో స్టాక్ సెంటర్‌లో దొరుకుతుంది. మేం అదే తెప్పించాం. ప్లాస్మిడ్ మొత్తం వదిలించడం ఇంకో దారి, కానీ దానితో వేరే జన్యువులూ పోతాయి.

డీకే1042లో రిపోర్టర్ పెట్టి చూస్తే 1,518 కణాల్లో వెలిగినవి 21. అంటే 1.4 శాతం. 168తో పోలిస్తే ఎనిమిదో వంతు. అడ్డు తీసేసినా తయారయ్యే కణాలే తక్కువ. డెగ్-క్యూ బాగా పనిచేసే స్ట్రెయిన్‌లో ఫాస్ఫేట్ తగిలిన డెగ్-యూ ఎక్కువగా ఉండి కామ్-కెను వెనక్కి లాగుతుంది. 168లో డెగ్-క్యూ మందగించడం వల్లే ఈ సంఖ్య అంత పెరిగింది. పుస్తకాల్లో కనిపించే 10 నుంచి 20 శాతం అనే అంకె సబ్టిలిస్‌ది కాదు, 168ది. ఈ తేడా చెప్పకుండా అంకె మాత్రమే రాయడం నాకు నచ్చదు.

ఒక ఆచరణాత్మక విషయం: 3610 గుంపులుగా అతుక్కుంటుంది. ఓడీ నమ్మలేం. కొలిచే ముందు 26 గేజ్ సూది గుండా నెమ్మదిగా రెండుసార్లు లాగి వదిలితే విడిపోతాయి.

*ఇప్పటివరకు: స్ట్రెయిన్లు 11 (డీకే1042, దాని రిపోర్టర్ చేరాయి). లెక్కించిన కణాలు 4,384.*

దశ 7: పిలస్ చూడడం (నడుస్తోంది)

కామ్-జీ ఆపెరాన్ తయారుచేసే పిలస్, అంటే కణం మీది సన్నటి వెంట్రుకలాంటి పోగు, డీఎన్ఏను పట్టుకుంటుందని చాలాకాలంగా అనుకునేవారు. సబ్టిలిస్‌లో అది నేరుగా కనిపించింది 2023లో. పిలస్‌లో ఇటుకలా పనిచేసే కామ్-జీసీ ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లాన్ని సిస్టీన్‌గా మార్చి, సిస్టీన్‌కు అంటుకునే మాలిమైడ్ రంగు వేశారు. పిలస్‌లు కణం పొడవునా అక్కడక్కడా బయటికి వచ్చి, డీఎన్ఏను పట్టుకోవడం కనిపించింది.

మా దగ్గర ఉన్న రాక్ స్ట్రెయిన్ దీనికి అనుకూలం. సగం కణాలు సిద్ధంగా ఉంటాయి కాబట్టి ఒక్కో ఫీల్డ్‌లో చూడడానికి సరిపడా దొరుకుతాయి. మెక్-ఏ స్ట్రెయిన్‌ను వాడడం లేదు, పొడవుగా సాగిన కణాల్లో పిలస్ ఎక్కడ వస్తుందనేది మామూలు కణాల గురించి ఏమీ చెప్పదు.

ఇప్పటికి జరిగింది:

1. సిస్టీన్ మార్పు ఉన్న కామ్-జీసీని సొంత స్థానంలోనే, గుర్తు లేకుండా పెట్టాం. అదనపు కాపీగా పెడితే పాత కామ్-జీసీతో కలిసిపోయి రంగు తగ్గుతుంది.
2. మార్పు తర్వాత కూడా డీఎన్ఏ తీసుకుంటుందో లేదో దశ 2 పరీక్షతో చూశాం. మామూలు రాక్ స్ట్రెయిన్‌కు 880 కాలనీలు వచ్చిన చోట దీనికి 610. పిలస్ పనిచేస్తోంది.
3. రంగు వేసి చూస్తే కణాల చుట్టూ అంతా వెలుగే. సిస్టీన్ మార్పు లేని స్ట్రెయిన్‌లోనూ అంతే. అంటే అది పిలస్ కాదు, కడగకుండా మిగిలిన రంగు.
4. మూడుసార్లు కడిగితే నేపథ్యం తగ్గింది, కానీ గట్టిగా సెంట్రిఫ్యూజ్ చేస్తే పిలస్‌లు తెగే అవకాశం ఉంది. ఇప్పుడు వేగాన్ని 5,000 జీ నుంచి 1,500 జీకి తగ్గించి, సమయం పెంచి చూస్తున్నాం.

రిపోర్టర్ ఆకుపచ్చ కాబట్టి రంగు ఎరుపు తీసుకున్నాం. వెలిగే కణాల్లోనే ఎరుపు పోగులు ఉండి, చీకటి కణాల్లో లేకపోతేనే దాన్ని పిలస్ అని నోటుబుక్కులో రాస్తాం. ఆ లెక్కకు కనీసం 300 ఆకుపచ్చ కణాలు, 300 చీకటి కణాలు కావాలి. ఇప్పటికి 74, 81 అయ్యాయి.

*ఇప్పటివరకు: స్ట్రెయిన్లు 12. లెక్కించిన కణాలు 4,539.*